గోదావరికి క్షయ వచ్చిన రోజు

ఆస్పత్రి మందులగదిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా అరుగు మీదికొచ్చి కూర్చుంటారు. "కాంపౌండరు గారూ, మీ రోజుల్లో ఇన్ని పరీక్షలు ఎక్కడివండీ? నాడి చూసి మందు పోసేసేవారు కదండీ" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పరీక్షలు లేకపోవడమేంటి నాయనా! రాజమండ్రిలో సగం ఊరి ఉచ్చ నా చేతుల మీదుగా వెళ్ళింది. చెబితే ముక్కు మూసుకుంటారని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. వాసన రాదు కాబట్టి చివరిదాకా చదవండి.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పొద్దుట లేచింది మొదలు ఇనుము మీద సుత్తులు మోగుతూనే ఉండేవి. మా ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు తంజావూరు వైపు ఆయన. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నారేమో, మా అందరికంటే శుభ్రంగా మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం అరవంలోకి దిగిపోయేవారు. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కనుక ఆ తిట్లు ఎవరికీ తగిలేవి కావు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. మనిషి చాలా మంచివాడు, ఓపిక మాత్రం బొత్తిగా లేదు.

ఆయనకి లోకంలో అన్నిటికంటే అసహ్యమైన మాట "చూద్దాం". క్షయరోగం విషయంలో రోజూ ఆ మాటే అనాల్సి వచ్చేది మరి. మనిషి దగ్గుతున్నాడు, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతోంది, చిక్కిపోతున్నాడు. అది క్షయేనా, వానాకాలపు జ్వరమా? గుండెల మీద గొట్టం పెట్టి వింటే ముదిరినదాన్ని చెప్పగలరు గాని, మొదట్లో చెప్పలేరు. ఆయన సొంతంగా కొనుక్కున్న భూతద్దాల యంత్రం ఒకటుండేది. దాని కింద కళ్ళె పెడితే క్షయ పురుగు కనపడుతుంది. ఆ కళ్ళె రావాలిగా! మగాళ్ళు గోడలన్నీ పాడుచేసేలా ఉమ్మేవారు. ఆడవాళ్ళు మాత్రం డాక్టరు ముందు ఉమ్మడమేంటని సిగ్గుపడి మింగేసేవారు.

అలాంటప్పుడు జర్మనీ దేశంలో ఎవరో వైద్యుడు ఒక ఉచ్చ పరీక్ష కనిపెట్టాడనీ, దాంతో క్షయని పట్టుకోవచ్చనీ ఆయన ఏదో పత్రికలో చదివారు. ఇక పట్టపగ్గాల్లేవు. మద్రాసు నుంచి సీసాలు తెప్పించారు. గాజు గొట్టంలో రోగి మూత్రం పోసి, రెండు మందులు కలిపి, పైన ఘాటైన అమోనియా చుక్కలు వేసి గట్టిగా ఊపాలి. పైకి లేచిన నురుగు ఎర్రబడితే క్షయ. పసుప్పచ్చగానో నారింజరంగులోనో ఉండిపోతే కాదు. ఇంతే సంగతి.

"కాంపౌండర్, ఈ పని మీది" అన్నారు.

"నాదేంటండీ! నేను మందులు కలపడానికి వచ్చానండి."

"ఇదీ కలపడమేనయ్యా."

ఏం చెప్తాం? కలిపాను. మా ఆవిడ నన్ను నూతి దగ్గర నిలబెట్టి, నెత్తి మీద నాలుగు చేదలు కుమ్మరిస్తే గాని గడప తొక్కనిచ్చేది కాదు. "మా పుట్టింటివాళ్ళకి మాత్రం ఆస్పత్రిలో గుమస్తా పనని చెప్పానండోయ్. నోరు జారకండి" అని ముందే హెచ్చరించింది.

మా డాక్టరుగారు గుడ్డిగా నమ్మే మనిషి కాదు. రోగిని పరీక్షించే ముందు పరీక్షనే పరీక్షించాలి అనేవారు. అందుకో పద్ధతి పెట్టారు. ముందు ఆయన గుండెలు విని, క్షయా కాదా అని తన మాట చెప్పాలి. అప్పటిదాకా నేను రంగు బయటపెట్టకూడదు. తరవాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. రోగి కోలుకున్నాడా, క్షీణించాడా అన్నది కూడా కనిపెట్టి ఉండాలి. అలా ఏడాది తిరిగేసరికి ఈ పరీక్ష ఎంతవరకు నిజం చెబుతుందో తేలిపోతుంది. తేలాక మద్రాసు పత్రికకి రాసి పంపుతారు. మంచి పద్ధతే. ఇప్పటికీ అంతకంటే మంచిది నాకు తెలీదు.

ఆరంభంలో ఆ పద్ధతి నిష్ఠగానే సాగింది. తరవాత ఆయనకి ఆత్రం పుట్టుకొచ్చింది. గొట్టం ఇంకా చెవిలో పెట్టుకోకముందే "రంగేంటయ్యా?" అని కేకేసేవారు. నేనూ లోపల్నుంచి "ఎరుపండీ!" అని కేకేసేవాణ్ణి. ఆయన వంగి విని, "అవునవును, ఇక్కడ వినిపిస్తోంది" అని తల ఊపేవారు. మా ఇద్దరికీ మహా సంబరంగా ఉండేది.

ఇంతకీ మూత్రం ఎలా వచ్చేదో చెప్పాలి. మగాళ్ళు ఆస్పత్రి దొడ్లోకి వెళ్ళి, మేమిచ్చిన గాజు పాత్రలోనే పోసి తెచ్చేవారు. ఆడవాళ్ళు ఆ మాట వింటేనే లేచి ఇంటికి పోయేవారు. పరాయి చోట, పరాయి పాత్రలో అంటే ఇంకేమన్నా ఉందా! అందుకని ఇంటి దగ్గరే పట్టి పొద్దున్నే పంపించమనేవాళ్ళం. మట్టి ముంతల్లో, పైన ఆకు కప్పి, చెంగు చాటున దాచి తెచ్చేవారు.

కొన్నాళ్ళకి ఒక సంగతి బయటపడింది. మగాళ్ళలో ఎరుపు ఎప్పుడో గాని కనపడేది కాదు. ఆడవాళ్ళలో చూస్తే ఎరుపే ఎరుపు. డాక్టరుగారు రెండు రోజులు లవంగం నమిలి, వంటింటి పొగ వల్ల గోదావరి ఆడవాళ్ళ ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని తేల్చారు. ఇందులో ఇంకో విచిత్రం కూడా ఉంది. విధవలకి మాత్రం ఎరుపు రావడం లేదు. "ఒంటిపూట భోజనం, ఉపవాసాలు! అదీ కారణం!" అని ఆయన బల్ల గుద్దారు. ఆ రోజునుంచి రాత్రి భోజనం మానేశారు పాపం.

మా నర్సమ్మగారికి ఈ గొడవ మొదట్నుంచీ నచ్చలేదు. ఆవిడ క్రైస్తవులు, మిషను బళ్ళో చదువుకున్న మనిషి. నెమ్మదిగా మాట్లాడుతూనే గట్టిగా అడిగేవారు.

"మా చర్చి ఆడవాళ్ళకి కూడా ఎరుపు రావడం లేదండి డాక్టరుగారూ" అన్నారొకరోజు.

"అయితే ఏమంటారు? బైబిలు చదివేవాళ్ళకి క్షయ రాదంటారా?"

"అదే నిజమైతే ఊరూరా చెప్పుకుని తిరిగేదాన్నండి. మా సొంత చెల్లెలు దగ్గి దగ్గి, నెత్తురు కక్కుకుని పోయిందండి. మా సంఘంలో ఆ జబ్బుతో పోయినవాళ్ళు ఎంతోమంది. మరి వాళ్ళలో ఎరుపు ఎందుకు రాదండీ?"

డాక్టరుగారు అరవంలో ఏదో అన్నారు. నర్సమ్మగారు చిన్నగా నవ్వి రోగుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మాత్రం మా బల్ల మీదే ఉండిపోయింది.

ఇదిలా ఉండగా జాలరిపేట నుంచి ఒక కోడలు పిల్ల వచ్చింది. తొలికాన్పు బాలింత. ఒళ్ళో పసికందు, ఆడపిల్ల. కాన్పయిన దగ్గర్నుంచీ జ్వరం విడవడం లేదు. పొడి దగ్గు. పక్కన అత్తగారు, వెనకాల మొగుడు. మొగుడు మాట్లాడే రకం కాదు, తలపాగా చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. మాటలన్నీ అత్తగారివే.

"డాట్రుబాబూ, ఇది మా ఇంటికొచ్చాక మా వలలు నిండాయండి. ఎవరి కళ్ళో పడ్డాయండి దీనిమీద. ఏంటో చూడండి బాబూ."

ఆ పిల్ల మాత్రం జ్వరంలో కూడా చురుకైన మనిషి. డాక్టరుగారు గుండెల మీద గొట్టం పెట్టబోతే, "ముందు నా బిడ్డకి పెట్టి వినండి. నాకేం? దున్నపోతులా ఉన్నాను" అంది. అంత చిక్కి ఉండి దున్నపోతట! నర్సమ్మగారికి నవ్వాగలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు ముంత తెచ్చింది. నేను అలవాటు ప్రకారం కలిపి ఊపాను. ఎరుపు. అంతకుముందు ఎవరికీ అంతగా రాలేదు. "రంగేంటయ్యా?" అని డాక్టరుగారి కేక. "ఎరుపండీ" అన్నాను గాని, ఈసారి నా గొంతులో సంబరం లేదు. ఆయన గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ముఖం వాడిపోయింది.

ఆ పిల్లని బయట కూర్చోబెట్టి అత్తగారికి చెప్పారు. ఇది క్షయ. బిడ్డకి పాలివ్వకూడదు. ఒకే చాప మీద పడుకోకూడదు. బిడ్డ బతకాలంటే తల్లికి దూరంగా ఉండాలి. "బిడ్డని తీసేస్తే నా కోడలు బతుకుద్దాండీ?" అని అడిగింది అత్తగారు. డాక్టరుగారు "చూద్దాం" అన్నారు. ఆయన నోట ఆ మాట విని చాలా రోజులైంది.

పసిదాన్ని పేటలోనే పాలిచ్చే బంధువు ఒకావిడకి అప్పగించారు. తల్లిని ఆస్పత్రి చివరి గదిలో ఉంచాం. గాజు పాత్ర ముట్టనంది కనుక అక్కడా ఆ ముంతే; రోజూ పొద్దున్నే అత్తగారు తెచ్చిచ్చేది, రోజూ ఎరుపే. ఆ కొద్దిరోజులూ మాకెవరికీ అన్నం సహించలేదు. ఆ కోడలు పిల్ల అరిచి ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. రవిక పాలతో తడిసిపోతుంటే గోడవైపు తిరిగి కూర్చునేది. నర్సమ్మగారు గుడ్డలు మార్చి వచ్చి, మందులగదిలో నా ఎదురుగా నిలబడి, "ఆ సీసాలు నేలకేసి కొట్టాలనిపిస్తోందండి" అన్నారు. నాకూ అలాగే ఉంది, ధైర్యం చాలలేదు.

చివరికి ఆ ఇంటివాళ్ళు ఒక నిర్ణయానికొచ్చారు. పిల్లని అవతలి ఒడ్డున పుట్టింటికి చేర్చేస్తారు. అక్కడ పొలం గట్టున పాకలో ఉంటుంది, కూడు పంపుతారు. బిడ్డ ఇక్కడే పెరుగుతుంది. ఇక ఒకరినొకరు చూసుకునేదీ లేనిదీ దేవుడికి తెలియాలి. ఆ రోజు రేవులో పడవ సిద్ధంగా ఉంది. మొగుడు మూట పట్టుకున్నాడు. పిల్ల ఆస్పత్రి మెట్లు దిగబోతుంటే అత్తగారు ఆపింది.

"ఉండవే. దిష్టి తియ్యకుండా నీళ్ళు దాటిస్తానా?"

మెట్ల మీద ఇత్తడి పళ్ళెం పెట్టి నీళ్ళు పోసింది. కొంగున ముడేసుకున్న పసుపు విప్పి కలిపింది. నీళ్ళు పచ్చబడ్డాయి. రొంటిన ఉన్న సున్నపుకాయ తీసి, వేలితో కాస్త సున్నం తీసి ఆ నీళ్ళలో తిప్పింది. అంతే, పళ్ళెం నిండా ఎర్రనీళ్ళు.

మన ఇళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళకి చూడలేదు, ఎన్ని బారసాలలకి చూడలేదు! నా పెళ్ళికి నా ముఖం ముందే తిప్పారు. డాక్టరుగారి తంజావూరులోనూ ఇదే ఆచారం. అయినా ఆ రోజు మేమిద్దరం ఆ పళ్ళేన్ని కొత్త వింతలా చూస్తూ నిలబడిపోయాం. పసుపులో సున్నం పడితే ఎరుపు. సున్నానికి ఉన్న గుణం లాంటిదే అమోనియాకీ ఉంది. నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నారు. బుగ్గన లవంగం కదలడం మానేసింది.

"అమ్మా, ఆగండి" అన్నారు ఆయన. "రోజూ మూత్రం తెచ్చారే, ఆ ముంత ఏ ముంత?"

అత్తగారు తప్పేదో దొరికిపోయినట్టు బెదిరిపోయింది. "శుభ్రంగా తోమే తెచ్చానండి బాబూ. నీళ్ళు పోసుకునే చోట పసుపు కలుపుకునే ముంతండి. పాతదైపోయింది. కూటికుండలో పట్టలేం కదండీ మరి!"

"ఊళ్ళో అందరూ అలాంటివే తెస్తారా?"

"ఆయ్! ఇంకేం తెస్తారండీ?"

నిజమే. అలాంటి పనికి వంటింటి పాత్ర ఎవరిస్తారు? స్నానాల దగ్గర పడుండే పసుపు ముంతే దొరుకుతుంది. ఏళ్ళ తరబడి పసుపు పీల్చుకున్న మట్టి. ఎంత తోమినా పోదు. ఇక విధవలు పసుపు ముట్టరు, చర్చి ఆడవాళ్ళు పసుపు మానేశారు. నర్సమ్మగారు గుమ్మంలో నిలబడి అంతా వింటున్నారు. కళ్ళు పెద్దవయ్యాయి.

డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని మందులగదిలోకి పరిగెత్తారు. ఆ వయసులో, ఆ పొట్టతో ఆయన పరిగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ పొద్దుటి ముంత కడిగి బోర్లించి ఉంది. అందులో మేం తాగే నీళ్ళే పోశాం. ఇండుపగింజ అరగదీసి తేర్చిన గోదావరి నీళ్ళు. ముంత లోపలంతా వేలితో బాగా రుద్ది, ఆ నీళ్ళు గాజు గొట్టంలో పోసి, మందులు కలిపి, అమోనియా వేసి ఊపాను.

ఎర్రటి ఎరుపు.

డాక్టరుగారు గొట్టం వెలుగులోకి ఎత్తి చూశారు. "కాంపౌండర్" అన్నారు, "గోదావరికి క్షయ వచ్చిందయ్యా!" అని పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నర్సమ్మగారు ఇంకెవరి మాటా వినిపించుకోలేదు. ఆ పిల్లని లోపలికి తీసుకెళ్ళి, తడిక చాటున నిలబెట్టి, "సిగ్గుపడితే ఈ రోజు నిన్ను చంపేస్తానమ్మా" అని బతిమాలుతూనే బెదిరించి గాజు పాత్రలో తెచ్చారు. నేను కలిపాను. తొందరలో సగం అమోనియా బల్ల మీద పోసేశాను. గట్టిగా ఊపాను. నురుగు నారింజరంగులోనే ఉండిపోయింది. ముగ్గురం అలా చూస్తూనే ఉన్నాం. ఎర్రబడలేదు.

"ఎరుపు రానంత మాత్రాన క్షయ లేదని కాదు" అన్నారు డాక్టరుగారు. అంత ఆనందంలోనూ ఆ మాట మర్చిపోలేదు. అందుకే ఆయనంటే నాకంత గౌరవం. పిల్లని కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచీ విన్నారు. ఈసారి నన్ను రంగు అడగలేదు, కళ్ళు మూసుకుని విన్నారు. లేచి, "ఊపిరితిత్తుల పైభాగం శుభ్రంగా ఉంది. కిందెక్కడో వానాకాలపు జలుబు పట్టింది, అంతే. ఆ రోజు రంగు చూశాక నా చెవులు కూడా ఆ రంగే విన్నాయి" అన్నారు. ఎవరికి చెప్పారో తెలీదు. మా ముగ్గురికీ వినపడింది.

తరవాత అత్తగారి ముందు నిలబడి, "అమ్మా, పొరపాటు చేశాం. ఇది క్షయ అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. బిడ్డని తెచ్చి ఇవ్వండి" అన్నారు.

మొగుడు మూట అక్కడే పడేసి పరుగెత్తాడు. అతని గొంతు నేనప్పుడే మొదటిసారి విన్నాను, దారి పొడుగునా "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ పోయాడు. పసిదాన్ని చాటలో బియ్యం పట్టుకొచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చాడు. తల్లి ఒళ్ళో పెడితే ఆ చంటిది రొమ్ము అందుకోలేదు. ముఖం తిప్పేసుకుని ఏడుపు లంకించుకుంది. వేరే ఆవిడ పాలకి అలవాటుపడింది కదా. అన్నాళ్ళూ ఏడవని ఆ పిల్ల అప్పుడు భోరుమంది. "మర్చిపోయిందండీ, నన్ను మర్చిపోయింది!" అని.

నర్సమ్మగారు పక్కన కూర్చుని, బిడ్డ పెదవుల మీద రెండు పాలచుక్కలు పిండారు. చప్పరించింది. మళ్ళీ ముఖం తిప్పింది. ఇంకో చుక్క. వెతుక్కుంది. పట్టుకుంది. పట్టుకున్నాక ఇక వదల్లేదు. అత్తగారు ఆ ఎర్రనీళ్ళ పళ్ళెం తీసుకుని, కోడలికీ మనవరాలికీ కలిపి తిప్పి, బయట పారబోసింది. మగాళ్ళం తలలు తిప్పుకుని వరండా చివరికి వెళ్ళిపోయాం. డాక్టరుగారు వంతెన వైపు చూస్తూ చాలాసేపు ముక్కు చీదుకున్నారు.

ఆమె జ్వరం వెంటనే పోలేదు. కొన్నాళ్ళు పీడించి, కార్తీకం వచ్చేసరికి విడిచింది. బిడ్డ బొద్దుగా తయారైంది. మేం మటుకు మళ్ళీ మొదటికొచ్చాం. ఇళ్ళనుంచి వచ్చిన ముంతల లెక్కంతా కొట్టేశాం. ఎరుపు వచ్చిన వాళ్ళందరి ఇళ్ళకీ నర్సమ్మగారు స్వయంగా వెళ్ళి మళ్ళీ రమ్మని పిలిచారు. ఆడవాళ్ళకి వేరే గది, వేరే గాజు పాత్రలు ఏర్పాటయ్యాయి. డాక్టరుగారు విని మాట చెప్పేదాకా నేను రంగు చెప్పకుండా గది తలుపు గొళ్ళెం పెట్టుకునేవాణ్ణి. ఆయన బయటనుంచి బతిమాలినా తీసేవాణ్ణి కాదు. అలా నిజాయితీగా చూస్తే తేలిందేమిటంటే, ఆ పరీక్ష నమ్మదగ్గది కాదు. భూతద్దాల కింద పురుగు స్పష్టంగా కనపడ్డవాళ్ళలో చాలామందికి ఎరుపు రాలేదు. నెల పట్టే పెద్ద జ్వరాల్లో క్షయ లేకపోయినా ఎరుపు వచ్చేది. డాక్టరుగారు అదే మద్రాసుకి రాసి పంపారు, ముంతల సంగతితో సహా. అచ్చేశారో లేదో నాకు తెలీదు. ఆయన మాత్రం మళ్ళీ రాత్రి భోజనం మొదలుపెట్టారు.

ఆయనకి బదిలీ అయిన రోజు రేవుకి ఊరంతా వచ్చింది. జాలరిపేట అత్తగారు ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చింది. దిష్టి లాంటివి దగ్గరికి రానివ్వని డాక్టరుగారు, ఆ రోజు తల వంచి నిలబడ్డారు. "ఏ ముంతలో కలిపావమ్మా?" అని మాత్రం అడిగారు. అందరికంటే ముందు నర్సమ్మగారే నవ్వారు. ఆ తరవాత ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

చూశారా కుర్రాళ్ళూ, సీసాలు ఇప్పుడు మీ దగ్గర చాలా ఉన్నాయి. నేను కాదనను. కలపండి, ఊపండి. ఊపే ముందు ఆ ముంత ఎవరింటిదో, అందులో ఇంతకుముందు ఏముందో కాస్త కనుక్కోండి. మీ పెద్ద డాక్టరు వినేదాకా రంగు మాత్రం చెప్పకండి, ఎంత కేకేసినా సరే.

ఆ కోడలు పిల్ల ఇప్పుడు అమ్మమ్మ. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చి పులసలు పడే రోజుల్లో, కూతురితో కలిసి బుట్ట నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వస్తుంది. మా ఇంట్లో చేపలు తినం, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా ఆగుతుంది. పసుపు రాసుకున్న ముఖం నిండా నవ్వుతో నా అరుగు ముందు బుట్ట దించి, వీధంతా వినపడేలా అరుస్తుంది:

"కాంపౌండరు బాబూ! ఇంకా బతికే ఉన్నానండీ. ముంత తెమ్మంటారేంటి?"